చెదరిన ఆటగది

చందర్లపాటి బడికి ఒకప్పుడు పిల్లవాడు చంకన పెట్టుకొని పోయిన పలకయు, జమీందారు మేడలో బిలియర్డ్సు బల్లపైని ఆకుపచ్చ గుడ్డ క్రింద దాగిన రాయియు ఒకే జాతివి. బడిపలకలకు తెలుగుదేశమున పేరుపొందినది మార్కాపురము. ఆటబల్లల రాళ్లు వేల్సు కొండలనుండి ఓడలలో వచ్చినవి. రెండింటికిని గుణ మొక్కటే. పొరలు పొరలుగా చీలును, అరగదీసినచో నున్ననగును, చెక్కవలె గాలిలోని తేమకు ఉబ్బదు, ఎండకు వంగదు. ఒకదానిపై అక్షరములు దిద్దిరి, మరొకదానిపై దంతపు బంతులు దొర్లించిరి. అంతియే భేదము.

నందిగామనుండి కృష్ణ వైపు సాగిన త్రోవలో నల్లరేగడి చేలనడుమ ఉన్న ఊరు చందర్లపాడు. ప్రత్తియు మిరపయు పండించు రైతుల ఊరు. 2022 వరకు కృష్ణా జిల్లాలోను, అటుపిమ్మట ఎన్.టి.ఆర్. జిల్లాలోను లెక్కకు వచ్చినది. ఇట్టి మెట్టపల్లెకును బిలియర్డ్సు గదికిని ఏమి పొత్తు అని ఎవరైనను అడుగవచ్చును. ఉన్నది. ఆ గదులను కట్టించినవారు జమీందారులు, జాగీర్దారులు. కట్టించుటకు కావలసిన ధనమును శిస్తు రూపమున చెల్లించినవారు ఇట్టి పల్లెల రైతులు. నందిగామ ప్రాంతము వాసిరెడ్డివారి ఏలుబడిని చూచినది. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1816లో మరణించెను. అప్పటికి పలకరాతి బల్ల ఇంకను పుట్టలేదు. ఇంగ్లాండులో సైతము చెక్కపైననే ఆడుచుండిరి. ఆయన దత్తపుత్రులు వ్యాజ్యములలో జమీని చెదరగొట్టుకొనుచున్న సంవత్సరములలోనే లండనులో ఈ బల్ల రూపు దిద్దుకొనుచుండెను.

జాన్ థర్‌స్టన్ అను లండను బల్లల తయారీదారు 1826లో చెక్కకు బదులు పలకరాతిని పరచెను. 1835లో అంచులకు రబ్బరు అమర్చెను. కాని ఆ రబ్బరు చలికి రాయివలె బిగిసిపోయెడిది. ఆటకు ముందు వేడినీటి రేకుపాత్రలను అంచులకు ఆనించి దానిని మెత్తపరుపవలసి వచ్చెడిది. గంధకముతో కాచిన రబ్బరు 1845లో వచ్చినపిమ్మట ఆ బాధ తీరినది. మన దేశపు వేసవిలో ఆ పాత్రల అవసరమే కలుగకపోయి యుండును! థర్‌స్టన్‌కు పోటీగా 1836లో వెలసిన బరోస్ అండ్ వాట్స్ వారి బల్లలు కూడ ఆంగ్ల సామ్రాజ్యము నలుమూలలకును పోయినవి.

పూర్తి పరిమాణము గల బల్ల పండ్రెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. కాళ్లు ఎనిమిది. పైన పరచిన పలకలు ఐదు. ఒక్కొక్కటి ఆరడుగుల బారు, రెండంగుళములకు రమారమి మందము, నూటయేబది కిలోలకు పైబడిన బరువు. బల్ల మొత్తము టన్నును మించును. దీనిని ఎత్తుకొని పోవుట అనునది లేదు. విప్పవలెను, మోయవలెను, మరల కూర్పవలెను. కూర్చునప్పుడు రసమట్టము పెట్టి ఎనిమిది కాళ్ల క్రిందను సరిచూచి, పలకల నడుమ సందులను పూడ్చి, వెండ్రుకవాసి ఎగుడుదిగుడు లేకుండ చేసి, అటుపైని ఉన్ని గుడ్డను బిగించవలెను. ఆ గుడ్డకును నూగు ఉన్నది. నూగు వాలిన దిక్కునకు బంతి సాఫీగా పోవును, ఎదురుదిక్కునకు కొంచెము ప్రక్కకు తొలగును. కనుక గుడ్డను ఎటు పరచవలెనో, ఇస్త్రీ ఎటునుండి ఎటు త్రోయవలెనో తెలిసిన పనివాడు కావలెను.

ఈ ఆట మన దేశమున ఊరక అనుకరింపబడినది కాదు. ఇచ్చట క్రొత్తరూపము కూడ పొందినది. 1875లో జబ్బల్‌పూరు సైనికాధికారుల భోజనశాలలో నెవిల్ చేంబర్లేన్ అను యువాధికారి మరికొన్ని రంగు బంతులను చేర్చి ఆడిన ఆటయే స్నూకరు. దాని నిబంధనలు ఉదకమండలము క్లబ్బులో 1882లో గోడకెక్కినవని చెప్పుదురు. చెన్నరాజధాని గవర్నరు వేసవికాలమునకు ఉదకమండలము చేరెడివాడు. నాటి కృష్ణా జిల్లా ఆ రాజధానిలోని భాగమే. ఇంగ్లాండులో ఆటకు మేటియైన జాన్ రాబర్ట్స్ జూనియరు పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున పలుమారులు హిందూదేశమునకు వచ్చి, సంస్థానాధీశుల యెదుట ఆడి, బల్లల వ్యాపారము కూడ సాగించెను. జయపూరు మహారాజు ఆయనను ఆస్థాన క్రీడాకారునిగా నియమించెను. ఆస్థానమున కవులుండుట, గాయకులుండుట విన్నదే. బంతులు దొర్లించువాడుకూడ ఉండుట నాటి కాలధర్మము.

బల్ల ఒక్కటియే గది కాదు. గోడవెంట ఎత్తైన తోలు కూర్చుండు పీటలు ఉండును. వాటి ముందు పాదములానించుటకు మెట్టు. మామూలు కుర్చీలో కూర్చున్నవానికి బల్లపైని బంతులు కానరావు, అందుచేత ఆ ఎత్తు. ఒక మూల క్యూ కర్రలు నిలువుగా అమర్చు చట్రము. కర్రలు తెల్లనివి, పిడిభాగము నల్లచేవది. చేయి చాలని దూరమునుండి కొట్టుటకు పొడుగు కర్రలు, వాటికి ఆనుడుగా శిలువ తలగల కర్ర. బంతుల పెట్టె. బల్లపై వ్రేలాడు దీపముల వరుస: వెలుగు బల్లపైననే పడునట్లును ఆడువాని కంటికి సోకనట్లును ఆకుపచ్చ గొడుగులు. మొదట నూనె దీపములు, పిదప విద్యుద్దీపములు. గోడకు లెక్కల బోర్డు: నున్నని కలపపై వరుసలుగా అంకెలు, వాటిపై అటునిటు జారు ఇత్తడి సూచికలు, నడుమ చిన్న పలకరాయి. ఆ చిన్నపలకపై సుద్దతో ఆటగాండ్ర పేర్లు వ్రాసి తుడిచెడివారు.

వ్రాసినవాడు మార్కరు. గదిలోని సామానులలో అతడు లెక్కకు రాడు గాని, అతడు లేనిదే గది నడువదు. బంతులు తుడుచుట, గుడ్డకు ఇస్త్రీ త్రోయుట, కర్రల కొనలకు తోలు అతికించుట, లెక్కను బిగ్గరగా పలుకుట అతని పనులు. దొరలకు, జమీందారులకు ఆట నేర్పిన మార్కర్లు అనేకులు. ఏ కర్ర ఎవరిదో, ఏ పలక ఏ ఏట మార్చిరో, దీపపు గొడుగు ఎప్పుడు పగిలెనో అతనికి కంఠస్థము. నేడు పాత సామాను కొనువారికి కావలసిన సమాచారమంతయు అతనితోనే పోయినది. గృహస్థుని పేరు గోడమీది తైలవర్ణ చిత్రము క్రింద నిలిచినది. మార్కరు పేరు ఎచ్చటను వ్రాసి యుండలేదు.

1948లో చెన్నరాష్ట్రపు శాసనము జమీందారీలను రద్దుచేసెను. మరుసటి సంవత్సరము హైదరాబాదులో జాగీరులు రద్దైనవి. శిస్తు రాబడి ఆగిపోయిన ఇండ్లలో మొట్టమొదట మూతపడినది అతిథుల గదులు, ఆటగదులు. పైకప్పు కారినను మరమ్మతు చేయించుటకు జంకు కలిగెను. ఆట మాత్రము ఆగలేదు. పట్టణపు క్లబ్బులలో సామాన్యుల చేతికి వచ్చినది. 1958లో కలకత్తాలో జరిగిన ప్రపంచ పోటీలో పూనాలో పుట్టిన విల్సన్ జోన్స్ విజేత కాగా, వ్యక్తిగత క్రీడలో ప్రపంచ విజేతయైన ప్రథమ భారతీయుడన్న ఖ్యాతి ఆయనకు దక్కెను. ఆట కీర్తికెక్కిన ఆ కాలముననే దాని పాతగదులు అంగడికెక్కుచుండుట విచిత్రమే.

ఇట్టి గది అమ్మకమునకు వచ్చిన తీరు దాదాపు అన్నిచోట్ల ఒక్కటే. మొదట కుర్చీలు పోవును. అవి ఎవరింటికైనను పనికివచ్చును. పిదప దీపములు, గడియారము, అద్దములు. లెక్కల బోర్డును అందముకొరకు ఒకరు కొందురు. మిగిలినది బల్ల. దానిని కదపలేరు, గదిని వాడుకొననీయదు. ఇల్లు అమ్ముడుపోయినప్పుడు కొన్నవాడు గది ఖాళీచేయుమని తొందర పెట్టును. అప్పుడు దళారి వచ్చి, కాళ్లకు కలప వెల, రాళ్లకు బండల వెల కట్టును. పండ్రెండడుగుల యంత్రమువంటి నేర్పరితనపు పనికి కట్టెల అడితి లెక్క! అట్లు చెదరిన పలకలు వంటింటి గట్టులుగాను, గుమ్మము ముందు బండలుగాను మారినవి. చిల్లులు పడిన రాయి, అంచున అరచంద్రాకారపు కోత గల రాయి పెరటిలో కనబడినచో, అది ఒకప్పటి బల్లమూల సంచికొరకు కోసిన కోత అని గుర్తింపవచ్చును.

ఈ సామానును ప్రేమతో సేకరించువారును ఉన్నారు, లాభముకొరకు చేరదీయువారును ఉన్నారు; ఒక్కనియందే రెండు గుణములును ఉండుటయు కలదు. కలకత్తాలో రస్సెల్ వీధిన 1940లో నెలకొన్న రస్సెల్ ఎక్స్ఛేంజి వేలశాల, బొంబాయి చోర్‌బజారులోని మటన్ వీధి, చెట్టినాడులో కారైకుడి పాతసామాను అంగళ్లు ఈ వర్తకమునకు ప్రసిద్ధములు. తెలుగునేలపై పాతమిద్దెలు కూల్చినప్పుడు దూలములు, ద్వారబంధములు, చెక్కడపు స్తంభములు అమ్ముట మెట్టప్రాంతపు రైతులకు క్రొత్తకాదు. అదే చేతులమీదుగా మేడల సామానుకూడ సాగిపోవును.

నిజమైన వర్తకునికి కన్నుతోపాటు చేతివ్రేళ్లును పనిచేయవలెను. బల్లను చూచుటకు వచ్చినవాడు పైనుండి చూడడు. నేలపై వెల్లకిల పరుండి క్రిందినుండి చూచును. పైభాగము మెరుగుపెట్టినది, క్రిందిభాగము ఎవరును ముట్టనిది. పలకల అడుగున వరుస అంకెలు, చట్రముపై వాటికి జతయగు గుర్తులు ఉండును. విప్పినవాడు మరల కూర్చుటకు చెక్కిన గుర్తులవి. అవి కలిసినచో బల్ల తన అంగములతోనే ఉన్నదన్నమాట. కలియనిచో ఒక బల్ల కాళ్లకు మరొక బల్ల పలకలు తగిలించిరని అర్థము. తయారీదారు పేరుగల చిన్న బిళ్లను చూచి మురిసిపోరాదు. విరిగిన బల్లనుండి ఊడదీసి మరొకదానికి అతికించుట అతి సులభము. మరలను విప్పి చూచుటయు ఒక పరీక్ష. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమునకు పూర్వపు మరలకు మొన ఉండదు, మొండిగా ఉండును. టేకునకు చెదలు పట్టదందురు. అది చేవకే వర్తించును. చేవ చుట్టునున్న తెల్లకలపను చెదలు తినును. అట్టి చోట బయటి మెరుగు చెక్కుచెదరక, లోన డొల్లయై, బొటనవ్రేలితో నొక్కినచో క్రుంగిపోవును.

తెలియక చేయు గొప్ప హాని శుభ్రపరచుట. నూరేండ్ల చేతిస్పర్శకు, దీపపు పొగకు, లక్క పూతకు కలప లోతైన ఒక వన్నె తెచ్చుకొనును. అమ్మకమునకు ముందు గరుకుకాగితము పెట్టి రుద్ది, క్రొత్త వార్నీషు పూసినచో అది నిన్నటి సామానువలె మెరయును, నిన్నటి సామాను వెలకే పోవును. గుడ్డ, రబ్బరు అరిగిపోవునవి. వాటిని మార్చుట తప్పదు, తప్పుకాదు. కలపను మాత్రము తడిపిండిన బట్టతో తుడిచి, మైనము రాచి విడిచిపెట్టుటయే మేలు.

అన్నిటికంటె ముఖ్యమైన వస్తువు ఏదనగా ఒక కాగితము. ఏ ఊరి, ఏ ఇంటి, ఏ గదినుండి, ఏ యేట, మరి వేటితో కూడ వచ్చినది అను వివరము. ఇది ఉన్నచో తోలుపీట చరిత్రకు సాక్షి, లేనిచో పాతపీట. కాని వర్తకులలో చాలమంది ఈ వివరమును కావలెననియే దాచుదురు. ఇల్లు తెలిసినచో పోటీదారు పోయి మిగిలినది కొనునని వారి భయము. అమ్మినవారును దాచుమందురు, తాతగారి సామాను అమ్ముకొన్నారన్న మాట ఊరిలో పొక్కరాదని వారి అభిమానము. లాభమును అభిమానమును కలిసి చరిత్రను చెరిపివేయును.

కృష్ణ ఒడ్డున ఉన్న ఈ సీమకు ఇట్టి చెరుపు క్రొత్తకాదు. నదికి ఆవలిదరిని, కొంత దిగువన అమరావతి. పద్దెనిమిదవ శతాబ్ది చివర వెంకటాద్రినాయుడు చింతపల్లి విడిచి అచ్చట పట్టణము కట్టించునప్పుడు దీపాలదిన్నెలోని ఇటుకలు, చలువరాళ్లు కట్టడములకు పోయినవి. 1797లో కర్నల్ మెకంజీ ఆ వార్త విని వచ్చిచూచెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పములు చెన్నపట్టణమునకును, అందలి పెద్దభాగము లండనునకును చేరినవి. ఈవలిదరిని జగ్గయ్యపేట. వెంకటాద్రినాయుడే తండ్రి పేరిట నిలిపిన ఊరు. దాని ప్రక్క ధనబోడు గుట్టపైని స్తూపమును 1882లో బర్జెస్ పరిశోధించుసరికి రాళ్లు ఎన్నియో ఇండ్లకు ఎత్తుకొనిపోబడినవి. మిగిలినవి చెన్నపురి ప్రదర్శనశాలకు పోయినవి. మాంధాత చక్రవర్తి శిల్పఫలకము వాటిలోనిది. ఏ ఫలకము ప్రక్కన ఏది ఉండెనో తేల్చుటకు పండితులు నూరేండ్లకు పైగా శ్రమించిరి. బౌద్ధస్తూపమునకు బిలియర్డ్సు గది సాటి అని కాదు. ఒకటి భక్తిచేతను మరొకటి భోగముచేతను వెలసినవి. కాని విప్పినవాడు గుర్తులు వ్రాసుకొననిచో మరల కూర్పరాని స్థితి రెండింటికిని సమానమే.

చెదరక నిలిచిన ఉదాహరణములును లేకపోలేదు. హైదరాబాదులో నవాబు వికారుల్‌ఉమ్రా 1884లో ఆరంభించి కట్టించిన ఫలక్‌నుమా సౌధము పిమ్మట ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు సంక్రమించెను. దానిలోని ఆటగది బల్ల బరోస్ అండ్ వాట్స్ వారిది. దానికి జోడు బకింగ్‌హామ్ సౌధమున ఉన్నదని చెప్పుకొందురు. చిరకాలము మూతపడిన ఆ సౌధము మరమ్మతులు పొంది 2010లో హోటలుగా తెరువబడగా బల్ల తన గదిలోనే నిలిచినది. మూడవ సాలార్‌జంగు 1949లో సంతానము లేక మరణించెను. ఆయన జీవితమంతయు కూర్చిన వస్తుజాలము వేలపు సుత్తి దెబ్బకు లోబడక, 1951లో దివాన్ దేవిడీలో ప్రజలకు తెరువబడి, 1961 శాసనముచే జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ ఆస్తి ఆయెను. అందలి కుర్చీలను, బల్లలను నేటికిని బడిపిల్లలు బారులు తీరి చూచుచున్నారు. ఒకటి ధనబలముచేతను, ఒకటి శాసనబలముచేతను నిలిచినవి. ఈ రెండును లేని జిల్లా మేడలకు వర్తకుని పుస్తకమొక్కటే దిక్కు.

శాసనము వర్తకునికిని కట్టుబాట్లు పెట్టినది. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము 1976నుండి అమలులోనికి వచ్చినది. నూరేండ్లకు తక్కువకాని చారిత్రక వస్తువులు దాని పరిధిలోనివి. అట్టివానితో వ్యాపారము చేయువాడు అనుమతిపత్రము పొందవలెను, లెక్కలు వ్రాసియుంచవలెను. స్వంతముగా విదేశమునకు పంపరాదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఓడలో వచ్చిన సామాను నేడు అదే త్రోవను వెనుకకు పోవుటకు వీలులేదు. దేశములోనే ఒకరి చేతినుండి మరొకరి చేతికి మారవలెను. క్లబ్బులు, హోటళ్లు, క్రొత్తగా మేడలు కట్టుకొన్నవారు కొనుచుందురు. వారికి కావలసినది ముఖ్యముగా శోభ. లెక్కల బోర్డు భోజనశాల గోడకెక్కును. దాని ఇత్తడి సూచికలు ఎందుకో వడ్డించువానికిని తెలియదు, భుజించువానికిని తెలియదు.

అమ్మకమునకు రాని వస్తువు ఒక్కటి ఉన్నది: బంతులు. బిలియర్డ్సునకు కావలసినవి మూడు. తెల్లనిది, చుక్కగల తెల్లనిది, ఎఱ్ఱనిది. పాతగదులలో ఇవి ఏనుగు దంతముతో చేసినవి. దంతము నడుమ పోవు సన్నని నరపు గీత బంతి నట్టనడుమ పడునట్లు తరిమెన పట్టవలెను, లేనిచో బంతి వంకరగా దొర్లును. అందుచే ఒక దంతమునుండి కొద్ది బంతులు మాత్రమే వచ్చెడివి. ఎన్ని ఏనుగులు నేలకూలెనో లెక్కలేదు. దంతమునకు బదులు కనిపెట్టినవానికి న్యూయార్కు తయారీదారులు 1863లో పదివేల డాలర్ల బహుమానము ప్రకటించిరి. జాన్ వెస్లీ హయట్ ఆ ప్రయత్నములోనే సెల్యులాయిడును సాధించి 1870లో హక్కుపత్రము పొందెను. పిమ్మట దువ్వెనలు, బొమ్మలు, సినిమా ఫిలిములు దానితో తయారైనవి. ఆట అవసరమునుండి చలనచిత్రమునకు ముడిసరకు లభించుట రసాయనశాస్త్రము చదువు విద్యార్థులు గమనింపదగిన విషయము.

వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చెను. 1986 సవరణతో దేశీయ దంతపు వర్తకమును, 1991 సవరణతో దిగుమతియైన దంతపు వర్తకమును నిషేధించిరి. ఆఫ్రికా ఏనుగు దంతపు అంతర్జాతీయ వ్యాపారమునకు 1989 నిర్ణయముతో తెరపడెను. కనుక తాతగారి దంతపు బంతులు గల గృహస్థునకు ధ్రువపత్రము ఉండవలెను. వాటిని అమ్మరాదు, వర్తకుడు కొనరాదు. ఒకప్పుడు గదిలోని చిన్నవస్తువులలో ఖరీదైనవి అవియే. కుర్చీలు ఒక ఊరికి, దీపములు మరొక ఊరికి, బల్ల ఇంకొక ఊరికి పోగా, పసుపువన్నె తిరిగి, తేమకు గుండ్రదనము కొంత తప్పి, అవి మూడును పెట్టెలో ఆ ఇంటిలోనే మిగిలిపోవును.